వాన వెలిసింది సరే, రాయి కుదుటపడిందా?

(తిరుపతిలో కొండలెక్కే కుర్రకారు కోసం ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఫ్యాన్ల మోత ఎక్కువగా ఉంటే ముందుకొచ్చేయండి, ముందు వరసలో కుర్చీలు ఎప్పట్లాగే ఖాళీ.

ఈరోజు మాట్లాడబోయేది పలకరాయి గురించి. మీలో ఇద్దరు సెప్టెంబరులో చదువుకోడానికి బ్రిటన్‌లోని ఉత్తర వేల్స్ వెళ్తున్నారు. అక్కడ లాన్‌బెరిస్ అనే ఊరి పక్కన మూతపడిన పలకరాతి క్వారీల్లో క్లైంబింగ్ చేస్తారని ఎక్కడో విన్నారట. "సార్, అక్కడ ఎప్పుడూ వానే అంటారు కదా, మరి ఎట్ల ఎక్కుతారు?" అని అడిగారు. మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్తే మన కొండల సంగతి కూడా సగం చెప్పినట్టే. అందుకే మిగతావాళ్లు "మాకెందుకు వేల్స్ గొడవ" అనుకోకుండా వినండి.

ముందు ఈ బల్ల మీద చూడండి. ఇది మార్కాపురం పలక. మా ఇంటి అటక మీద దొరికింది. ఇప్పుడు పిల్లలకి కొనాలంటే అంతా ప్లాస్టిక్కే. పక్కనున్నది ఇటుక. అమ్మా, నువ్విలా రా. రెండింటి మీదా చెరో చెంచా నీళ్లు పొయ్యి. ఆ... చూశారా, ఇటుక మీద నీళ్లు కనబడకుండా పోయాయి, రంగు మాత్రం ముదిరింది. పలక మీద నీళ్లు ఎక్కడ పోసినవి అక్కడే నిలిచాయి. ఇప్పుడు రెండింటినీ గుడ్డతో ఒకసారి తుడిచి వదిలెయ్యి. టైం ఎవరైనా చూసుకోండి.

ఈ లోపు పలకరాయి ఎట్ల పుట్టిందో చెప్తాను. సముద్రం అడుగున సన్నటి బురద పొరలుపొరలుగా పేరుకుంటుంది. అది గట్టిపడితే మట్టిరాయి. తర్వాత భూమి పైపొరల్లో కదలికలు వచ్చి ఆ రాయిని ఇరువైపులా నుంచి బిగించి నొక్కితే, లోపలి సన్నటి రేకుల్లాంటి ఖనిజాలన్నీ ఒకే వాటానికి తిరుగుతాయి. అందుకే ఉలి పెట్టి కొడితే ఆ వాటం వెంబడే గీత గీసినట్టు చీలుతుంది. ఇంటి కప్పుకి వేసే పెంకు అయినా, బడిపిల్లల పలక అయినా ఆ చీలిక పుణ్యమే. మన మార్కాపురం రాయి కడప బేసిన్‌లోది, అంటే పూర్వం బురద, ఇసుక పేరుకున్న పెద్ద పల్లంలోది. ఆ పొరలకి భూగర్భ శాస్త్రవేత్తలు కంభం ఊరి పేరే పెట్టారు. వేల్స్ రాయి దానికంటే చాలా చిన్నది, వయసు యాభై కోట్ల ఏళ్ల పైచిలుకు. రెండూ ఒకే జాతి.

టైం ఎంతైంది? రెండు నిమిషాలేనా? పలక ముట్టుకుని చూడమ్మా. ఆరిపోయింది కదా. ఇటుకని ముట్టుకో. చల్లగా, చెమ్మగా ఉంది. అది ఈ మీటింగ్ అయిపోయేదాకా అట్లాగే ఉంటుంది.

వేల్స్‌లో జరిగేది ఇదే. అట్లాంటిక్ మీదుగా వచ్చే తేమగాలి నేరుగా స్నోడన్ కొండల్ని కొట్టుకుంటుంది. అక్కడి భాషలో స్నోడన్ శిఖరం పేరు ఎర్ విడ్వా, ఎత్తు 1085 మీటర్లు. దాని పక్కనున్న క్రిబ్ గోఖ్ అనే కొండ మీద ఏడాదికి 4000 మిల్లీమీటర్ల పైగా వాన పడుతుంది. మన తిరుపతి వాన దాంట్లో పావువంతు అటూ ఇటూ. పైకొండలన్నీ తడిసి ముద్దయి ఉన్న రోజున, కింద లోయలో ఉన్న డైనోర్విక్ క్వారీ దగ్గర వాన ఆగి కాస్త గాలి ఆడిందంటే, గంటలోపే గోడ పొడిగా కనిపిస్తుంది. రాయి నీళ్లు పీల్చదు, గాలికి పైనున్నది ఎగిరిపోతుంది. ఆ క్వారీ 1969లో మూతపడింది. ఒకప్పుడు మూడు వేల మందికి పైగా పనిచేసిన చోటు. 1980ల్లో కుర్రాళ్లు అక్కడికి ఎగబడడానికి ఒక కారణం ఈ తొందరగా ఆరే గుణమే. 2021లో యునెస్కో ఆ పలకరాతి ప్రాంతాన్నంతా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అయితే ఇక్కడే తిరకాసు ఉంది. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే అనుకోండి: రాయి ఆరడం వేరు, రాయి నిలకడగా ఉండడం వేరు. ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగా వేసుకోవాలి. ఒకదానికి జవాబు దొరికింది కదా అని రెండోది మానేస్తే ప్రమాదం. పలకరాయి మొదటి ప్రశ్నకి చాలా తొందరగా "అవును" అంటుంది. రెండో ప్రశ్నకి మాత్రం రోజులు పట్టొచ్చు.

ఎందుకో చూడండి. గోడ ముఖం ఆరింది సరే, చీలికల లోపలికి దిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి? క్వారీ గోడ మామూలు కొండ కాదు. మందుగుండు పెట్టి పేల్చిన గోడ. కొట్టిన దెబ్బలకి లోపల ఎన్ని నెర్రెలు ఉన్నాయో పైకి తెలియదు. వాన నీళ్లు ఆ నెర్రెల్లోకి దిగి, మట్టిని కడిగి, పెచ్చు వెనక పట్టు వదిలించేస్తాయి. చలికాలంలో ఆ నీళ్లు గడ్డకడతాయి. నీళ్లు మంచుగడ్డ అయితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. రాత్రి గడ్డకట్టి పెచ్చుని బయటికి నెడుతుంది, పగలు కరిగి వదిలేస్తుంది. అందుకని అక్కడ అనుభవం ఉన్నవాళ్లు గడ్డకట్టే చలి తర్వాత వచ్చే మొదటి వెచ్చటి రోజుని నమ్మరు. ఎండ బాగుంది, రాయి ఎండిపోయింది, చూడ్డానికి పండగలా ఉంటుంది. రాళ్లు రాలేది ఆ పూటే.

పలకరాయి రాలితే గుండులా దొర్లదు. పలచటి పలక గాల్లో పక్కకి కోసుకుంటూ వస్తుంది, ఎటు వస్తుందో చెప్పలేం. అందుకే తాడు పట్టుకుని కింద నిలబడేవాడు గోడకి సూటిగా కింద నిలబడకూడదు. హెల్మెట్ ఎక్కేవాడికే కాదు, కిందున్నవాడికీ కావాలి. కింద కూర్చుని బిస్కెట్లు తినేవాడికి కూడా. ఇంకొకటి, పలకరాతి అంచు కత్తి. తాడు ఆ అంచు మీద అటూ ఇటూ రాసుకుంటే పై తొడుగు తెగుతుంది. తడిసిన నైలాన్ తాడుకి బలం కూడా తగ్గుతుంది. ఈ రెండూ కలిసిన రోజు మీకు అవసరం లేదు.

పట్టు దొరికిన ప్రతిచోటా ముందు పిడికిలితో తట్టి చూడండి. మన దగ్గర బండ కొట్టేవాళ్లని గమనించారా? సుత్తితో ఒక చిన్న దెబ్బ వేసి చెవి ఒగ్గుతారు. ఖంగుమంటే గట్టి రాయి. డొల్లగా మోగితే వెనక ఖాళీ ఉందన్నమాట. మీరూ అంతే. అనుమానం ఉన్న పెచ్చుని తప్పనిసరిగా పట్టుకోవాల్సి వస్తే కిందికి నొక్కుతూ బరువు వెయ్యండి, మీ వైపుకి లాగొద్దు. బీరువా తలుపు తీసినట్టు లాగితే అది మీతోనే వస్తుంది.

ఇక పట్టు ఎట్ల ఉంటుంది అన్న సంగతి. గ్రానైట్‌లో గింజలుంటాయి, చెయ్యి గరుగ్గా తగులుతుంది, బూటు రబ్బరు ఆ గింజల మధ్య దిగి పట్టుకుంటుంది. పలకరాయిలో ఆ గింజ లేదు. అరిపాదం మొత్తం ఆనించి నమ్ముకుంటే జారిపోతారు. ఉన్నవల్లా సన్నటి అంచులు, బొటనవేలి గోరంత మందం ఉంటే గొప్ప. దాని మీద బొటనవేలి పక్కని నిలబెట్టి మెల్లగా బరువు మార్చాలి. అందుకే అక్కడ చేతి బలం కంటే కాళ్ల ఓపిక ఎక్కువ కావాలి. అలాంటి అంచు మీద నాలుగు చినుకులు పడితే చాలు, సబ్బు రాసినట్టే.

వేడి సంగతి కూడా చెప్పాలి. తిరుమల మాడవీధుల్లో ఎండాకాలం వస్తే తెల్ల పెయింటు వేస్తారు, తివాచీలు పరుస్తారు, నీళ్లు చల్లుతారు. అది వెయ్యని నల్లబండ మీద మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసినవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. పలకరాయి ముదురు రంగుది, ఎండని తాగుతుంది. వేల్స్‌లో గాలి ఇరవై డిగ్రీలున్న రోజున కూడా ఎండకి ఎదురుగా ఉన్న క్వారీ గోడ చెయ్యి కాలేంత కాదుగాని చెమట పట్టేంత వేడెక్కుతుంది. వేలు చెమ్మగిల్లితే, రబ్బరు మెత్తబడితే ఆ గోరంత అంచు మీద నిలబడలేరు. కాబట్టి వేసవిలో నీడ గోడ, చలికాలంలో ఎండ గోడ. అక్కడ గోడలు మెట్లుమెట్లుగా అన్ని దిక్కులకీ ఉంటాయి, వెతుక్కుంటే ఏదో ఒకటి దొరుకుతుంది.

వాన లేకుండా తడిసే రోజు కూడా ఒకటుంటుంది. వారం రోజులు చలి వేసి రాయి చల్లబడి ఉంది. సముద్రం వైపు నుంచి వెచ్చటి తేమగాలి తిరిగింది. ఆకాశంలో చినుకు లేదు, ఫోన్‌లో వాన బొమ్మ లేదు. అక్కడికి వెళ్లి చూస్తే గోడంతా చెమటలు కారుతుంటుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలాగా. గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రతని డ్యూ పాయింట్ అంటారు, రాయి ఉష్ణోగ్రత దానికంటే తక్కువగా ఉన్నంతసేపూ ఆ చెమ్మ పోదు. నీళ్లు పీల్చే రాయి అయితే కొంత లోపలికి లాక్కుంటుంది, పలకరాయి అదీ చెయ్యదు, మొత్తం పైనే ఉంటుంది. మన దగ్గర డిసెంబరు, జనవరి తెల్లవారుజామున కొండ నీడలో బండల మీద ఇదే చూస్తాం. తూర్పు ముఖం గోడ అయితే ఎండ పొడ తగిలాక ఆరుతుంది. పడమటి గోడకి చాలాసేపు పడుతుంది. ఆరు గంటలకే వెళ్లిపోదాం అని ఉత్సాహపడేవాళ్లు గోడ ఏ దిక్కు చూస్తోందో ముందు కనుక్కోండి. ఎనిమిదింటికి వెళ్తే నిద్రా మిగులుతుంది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

తిరుమల ఘాట్ రోడ్డులో రోజూ వెళ్తుంటారు. కింద గ్రానైట్, దాని మీద పరుపులుపరుపులుగా క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. ఆ రెండూ కలిసే గీత దగ్గర భూమి చరిత్రలో సుమారు ఎనభై కోట్ల ఏళ్ల పుటలు చిరిగిపోయాయి. ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అని జాతీయ భూగర్భ స్మారకంగా దాన్ని గుర్తించారు. బస్సులో కిటికీ సీటు కోసం కొట్లాడేవాళ్లు కూడా దానికేసి చూడరు, అది వేరే బాధ. పైన శిలాతోరణం కూడా ఆ క్వార్ట్‌జైట్‌లో వాన, గాలి చెక్కిందే. ఈ పొరలకి నగరి పేరు పెట్టారు. నగరి వైపు వెళ్తుంటే ముక్కులా కనిపించే కొండ ఉంది కదా, ఆ రాయే.

క్వార్ట్‌జైట్ నీళ్లకి మెత్తబడే రకం కాదు, ఇసుకరేణువులు కరిగి అతుక్కుపోయినంత గట్టి రాయి. ముఖం తొందరగానే ఆరుతుంది. మరి ఘాట్ రోడ్డు మీద బండలెందుకు పడతాయి? రాయి గట్టిదే, రాయికీ రాయికీ మధ్య సందులు గట్టివి కావు. అడ్డంగా పరుపుల గీతలు, నిలువుగా నెర్రెలు. రెండూ కలిసి కొండని పెట్టెలుపెట్టెలుగా కోసేశాయి. ఆ సందుల్లో మట్టి, చెట్ల వేళ్లు. నాలుగు రోజులు ముసురు పట్టి నీళ్లు సందుల్లో నిండితే ఆ నీటి బరువే పెట్టెని బయటికి తోస్తుంది. 2021 నవంబరు మీకందరికీ గుర్తే. 19వ తేదీ వాయుగుండం తీరం దాటినప్పుడు తిరుపతి వీధులు ఏరులయ్యాయి, అన్నమయ్య డ్యాం తెగింది. ఆ నెలంతా కొండ నానుతూనే ఉంది. డిసెంబరు 1న ఎగువ ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడి రోడ్డు దెబ్బతింది. పెద్ద వాన పడినరోజు ఒక్కటే భయపడితే చాలదని దానికంటే గట్టిగా ఎవరూ చెప్పలేరు.

అన్నట్టు, ఏడుకొండల మీద క్లైంబింగ్ అన్న మాటే ఎత్తకండి. పవిత్రమైన చోటు, పైగా 1989 నుంచి నేషనల్ పార్కు, 2010 నుంచి శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు. చిరుతలున్నాయి. అటవీ శాఖ అనుమతి లేకుండా దారి తప్పి లోపలికి వెళ్తే పట్టుకునేది చిరుతా, గార్డా అన్నదొక్కటే తేలాలి. (నవ్వులు)

మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండలు 1265 మీటర్లు. అటు వైపు, చిత్తూరు పడమటి మండలాల్లో ఉన్నవన్నీ గ్రానైట్, దాని చుట్టాలు. నేర్చుకునేవాళ్లకి మన జిల్లాల్లో ఇదే మంచి రాయి. మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకి ఎవరెస్టు ఎక్కిందే, ఆ అమ్మాయి ఓనమాలు దిద్దుకున్నది కూడా ఇలాంటి రాయి మీదే, భువనగిరి కొండ దగ్గర. గ్రానైట్ గుండు వాన వెలిశాక ఎండ కాస్తే పూట తిరిగేసరికి ఎక్కేట్టు ఉంటుంది. కానీ పైనుంచి కిందికి నల్లటి చారలు చూశారా? నీళ్లు దిగే దారులవి, అక్కడ పాచి ఉంటుంది. ఎండాకాలం అది ఎండి కరకరలాడుతుంది, చెమ్మ తగిలితే మళ్లీ జారుడు. చుట్టూ రాయి ఆరినా ఆ చార ఆరదు. చారని వదిలి పక్కనుంచి ఎక్కండి.

మన గ్రానైట్‌కి మంచుగడ్డల బెడద లేదు, ఎండ బెడద ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కాలిఫోర్నియాలో యోసెమిటీ దగ్గర నిలువుగా ఉన్న పెద్ద గ్రానైట్ పెచ్చు ఒకదానికి పరికరాలు బిగించి చూశారు. పగటి వేడికి అది గోడ నుంచి ఎడంగా జరుగుతుంది, రాత్రికి వెనక్కి వస్తుంది, రోజుకి సెంటీమీటరు దాకా. ప్రతిరోజూ అట్ల ఊగి ఊగి ఏదో ఒక రోజు, వానా గాలీ లేకుండా, ఊడిపోతుంది. మే నెలలో మధ్యాహ్నం పెద్ద పెచ్చుల కింద నీడ దొరికింది కదా అని కునుకు తీయకండి.

ఇసుకరాయి సంగతి రెండు మాటల్లో. మీలో చాలామంది బాదామి వెళ్తుంటారు. అక్కడ వాన పడితే ముఖం ఆరినా ఎక్కొద్దు. అది ఈ ఇటుకలాగే లోపల తడి దాచుకుంటుంది, తడిసిన ఇసుకరాయికి బలం తగ్గుతుంది, పట్టు విరుగుతుంది. మీకు దెబ్బ తగలడం ఒక ఎత్తు, మళ్లీ తిరిగిరాని పట్టుని విరగ్గొట్టడం ఇంకో ఎత్తు.

మన కాలాలు ఎట్ల ఉన్నాయో మీకే తెలుసు. మనకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, తాళ్లు అటక మీద పెట్టుకోండి. సంక్రాంతి ముందు నుంచి శివరాత్రి దాకా మంచి రోజులు: గాలి పొడి, రాయి చల్లన, సందుల్లో నీళ్లు దిగిపోయి ఉంటాయి. మార్చి నుంచి తెల్లవారుజాము, సాయంత్రం తప్ప లాభం లేదు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో పడమర నుంచి ఉరుము వినబడిందా, దిగిపోండి. గుండు మీద నిలబడ్డ మనిషికంటే ఎత్తైనది చుట్టుపక్కల ఏదీ ఉండదు, పిడుగుకి అదే కావాలి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక యువకుడు: ఏ యాప్ చూడమంటారు సార్?)

ఏ యాపైనా పర్లేదు బాబూ, దాంట్లో ఏం చూస్తున్నావన్నది ముఖ్యం. రేపు వాన ఉందా అని అందరూ చూస్తారు. గడిచిన వారంలో ఎంత పడిందో ఎవరూ చూడరు. నిలకడ ప్రశ్నకి జవాబు అక్కడుంది. ఆ తర్వాత తేమ, డ్యూ పాయింట్, గాలి వేగం. వాన శాతం చివర్లో చూడు. వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలిస్తుంది, నారింజ వచ్చాక చర్చ పెట్టుకోవద్దు. మన గాదంకిలోనే ముప్పై ఏళ్లకి పైగా ఆకాశం వైపు చూస్తున్న పెద్ద రాడారు ఉంది, చంద్రగిరి దాటాక. అది పరిశోధన కోసం, నీ ఆదివారం ప్లాన్ కోసం కాదు. కానీ అవకాశం ఉంటే వెళ్లి చూడు.

(ఒక యువతి: గోడ మధ్యలో ఉండగా చినుకులు మొదలైతే చాక్ పొడి ఎక్కువ వేసుకోవచ్చా?)

వద్దమ్మా. ఆ పొడి చేతి చెమటని పీల్చడానికి, తడి రాయిని ఆరబెట్టడానికి కాదు. తడిలో కలిస్తే ముద్ద అవుతుంది, ఇంకా జారుతుంది. గ్రానైట్ మీదయితే నాలుగు చినుకుల్లో జాగ్రత్తగా పక్క మెట్టు దాకా పోవచ్చు. పలకరాయి మీదయితే ఎక్కడున్నావో అక్కడ ఆగి, తాడు మీద కూర్చుని, దింపించుకో. పైన ఇంకా రెండు మీటర్లే కదా అనుకుంటేనే పడేది. వాన ఆగాక గంటలో ఆరుతుంది, అదెక్కడికీ పోదు.

(వెనకనుంచి: తేనెతుట్టెలు?)

ఆ, మంచిమాట గుర్తుచేశావు. మన కొండగోడల మీద పెద్ద తేనెటీగలు పట్లు కడతాయి, నల్లటి బానలా వేలాడుతుంటాయి. ముందురోజు బైనాక్యులర్‌తో గోడంతా చూడండి, కనబడకపోతే కింద చచ్చిపడిన ఈగలున్నాయేమో చూడండి. తేనెపట్టు కనబడితే దాని కింద అరుపులు, సెంటు, పొగ ఏవీ పనికిరావు. ఒక్కటి కుట్టిందంటే ఆ వాసనకి మిగతావన్నీ వస్తాయి, తాడు మీద వేలాడుతున్నవాడు ఎక్కడికీ పరిగెత్తలేడు. ఆ గోడ వదిలేసి ఇంకోటి చూసుకోండి.